ఒక పుస్తకం కంటికి, ఒక పుస్తకం చెవికి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. నల్గొండ దగ్గర పల్లెలో పంచాయతీ వాళ్లిచ్చిన గదిలో పిల్లల లైబ్రరీ పెట్టి రెండు నెలలైంది. బడి వదలగానే ముప్పై నలభై మంది వస్తున్నారు, ఒకటో తరగతి నుంచి ఏడో తరగతి దాకా ఉన్నారు. ఊళ్లోవాళ్లూ, పట్నంలో ఉద్యోగాలు చేసుకునేవాళ్లూ ఇచ్చిన పుస్తకాలు మూడు వందలున్నాయి. పిల్లలు తీస్తున్నారు, బొమ్మలు చూస్తున్నారు, పెట్టేస్తున్నారు, చివరికి క్యారమ్ బోర్డు చుట్టూ చేరుతున్నారు. చేతిలో 15,000 రూపాయలుంది, ఏ పుస్తకాలు కొనాలో పేర్లు చెప్పమన్నారు.

పేర్లు చెప్తాను. అనంతపురం జిల్లాలో ఇరవై ఏళ్లకు పైగా పిల్లల లైబ్రరీల్లోనే గడిపాను కాబట్టి పేర్లకు కొదవ లేదు. కానీ ఆ పట్టీ ఒక్కటే పట్టుకుపోయి కొంటే, కొత్త పుస్తకాలు కూడా ఇప్పుడున్న మూడు వందల పక్కన చేరి కూర్చుంటాయి. అందుకని ముందు ఒక సంగతి చెప్పి పేర్లలోకి వస్తాను.

ఎనిమిదేళ్ల పిల్లకి చెవి పెద్దది, కన్ను చిన్నది. అవ్వ చెప్పిన కథలు, టీవీ సీరియళ్లు, మూడు గంటల సినిమాలు అన్నీ ఆ చెవిలోకి పోయి ఉంటాయి. ఎవరు ఎవర్ని మోసం చేశారో, ఎందుకు చేశారో విడమర్చి చెప్పగలదు. అదే పిల్ల పుస్తకం తెరిస్తే ‘రాష్ట్రం’ దగ్గర ఆగిపోతుంది. ‘లక్ష్మి’ తన పక్కింటి అక్క పేరే అయినా, అచ్చులో చూస్తే గుర్తుపట్టదు. ఇప్పుడు ఆ పిల్ల చెవికి సరిపడే కథ ఇచ్చామనుకోండి, కన్ను మోయలేదు. కంటికి సరిపడే పుస్తకం ఇస్తే ‘ఇది చిన్నపిల్లలది’ అని ముఖం తిప్పుకుంటుంది. మీ గదిలో పుస్తకం తీసి పెట్టేస్తున్న పిల్లల్లో చాలామంది ఈ రెంటి మధ్యా ఇరుక్కున్నవాళ్లే. వాళ్లకి చదువు మీద ఇష్టం లేదనుకోవద్దు.

కాబట్టి ప్రతి పిల్లకీ రెండు పుస్తకాలు చూడండి. ఒకటి కంటికి, తనంతట తాను చదువుకునేది. ఒకటి చెవికి, ఎవరైనా చదివి వినిపించేది. 15,000 ఖర్చు పెట్టేటప్పుడు కూడా ఈ రెండు సంచులూ వేరువేరుగా పెట్టుకోండి.

ఏ పిల్లకి ఏది కంటి పుస్తకమో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని పుస్తకం నడిమి పేజీ తీసి మెల్లగా చదవమనండి. నలుగురి ముందూ అడగొద్దు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఆగిపోయిన మాటకల్లా ఒక వేలు మడవండి. పేజీ అయ్యేలోపు ఒకటో రెండో వేళ్లు ముడిస్తే అది కంటి పుస్తకం. ఐదూ ముడుచుకుపోతే చెవి పుస్తకం. ఎక్కడ ఆగుతోందో కూడా గమనించండి. గుణింతాల దగ్గరే తడబడే పిల్ల వేరు, గుణింతాలు దాటి ఒత్తుల దగ్గర ఆగే పిల్ల వేరు. ‘అమ్మ’, ‘అక్క’, ‘పువ్వు’ లాంటివి తొందరగానే వచ్చేస్తాయి. ‘ప్రయాణం’, ‘వృక్షం’, ‘శాస్త్రం’ వచ్చేసరికి చాలా కాలం పడుతుంది. ఇంకొకటి, మన తెలుగులో మాట పొడవు. ‘చేయాల్సివచ్చిందనుకున్నాడు’ అని ఒకే మాటగా అచ్చేస్తారు. పిల్ల చివరికి చేరేసరికి మొదలు మర్చిపోతుంది.

అందుకే అట్ట మీద ‘6-8 ఏళ్ల వారికి’ అని రాసి ఉన్నా నమ్మొద్దు, లోపల చూడండి. ఒక పుస్తకంలో ‘పులి వచ్చింది. మేక చూసింది. పారిపోలేదు.’ అని ఉంటుంది. ఇంకో పుస్తకంలో అదే కథ ‘పులి ప్రత్యక్షమవడంతో మేక భయభ్రాంతురాలై నిశ్చేష్టురాలైపోయింది’ అని ఉంటుంది. రెండిటి మీదా ఒకే వయసు వేసి ఉంటుంది. మొదటిది మూడో తరగతి పిల్లాడు చదువుతాడు, పైగా ‘ఎందుకు పారిపోలేదు?’ అని పేజీ తిప్పుతాడు. రెండోది టీచర్ చదివినా పిల్లాడికి పులి కనిపించదు. కొనేముందు షాపులోనే ఏదో ఒక పేజీ తీసి పైకి చదివి చూడండి. మీ నోటికి తిరగని వాక్యం వాళ్ల కంటికి అసలు తిరగదు.

ఇక పుస్తకాల సంగతి.

అక్షరాలు ఇప్పుడిప్పుడే కూడుకుంటున్న పిల్లలకి పేజీకి ఒకటి రెండు వాక్యాలు, పేజీ నిండా బొమ్మ ఉన్నవి కావాలి. ఇవి మీకు ఎక్కువ కావాలి, మీరు అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ. ప్రథమ్ బుక్స్ వాళ్లవి ఈ పనికోసమే తయారైనవి. పుస్తకం వెనక ఒకటి నుంచి నాలుగు దాకా స్థాయి వేస్తారు, మీకు ముందుగా ఒకటి, రెండు స్థాయిలవి చాలు. వాళ్లే 2015లో స్టోరీవీవర్ అని ఒక వెబ్‌సైట్ పెట్టారు. అందులో తెలుగు కథలు ఉచితంగా దింపుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు, లైసెన్సు అలా ఇచ్చారు. డబ్బు అయిపోయాక కూడా మీ గదికి కొత్త పుస్తకాలు వచ్చే దారి అది. అయితే అందులో అనువాదాలు అందరూ చేస్తారు కాబట్టి కొన్నింట్లో తెలుగు బిగుసుకుపోయి ఉంటుంది, పైకి చదివి చూసుకునే ప్రింటు తీయండి. హైదరాబాద్ తార్నాకలో మంచి పుస్తకం అనే సంస్థ ఉంది, పిల్లల పుస్తకాల కోసమే పనిచేస్తోంది. మీకు దగ్గరే కాబట్టి ఒకరోజు పెట్టుకుని నేరుగా వెళ్లండి. అమెరికాలోని తెలుగువాళ్ల సంఘం తానాతో కలిసి వాళ్లు తెచ్చిన బొమ్మల పుస్తకాలు తప్పకుండా చూడండి, అవి తెలుగులోనే పుట్టిన కథలు, ఆ తేడా చదివితే తెలుస్తుంది. చెన్నై తూలికా వాళ్లవి, నేషనల్ బుక్ ట్రస్ట్ నెహ్రూ బాల పుస్తకాలయం వరసలోవి కూడా ఈ సంచిలోకే వస్తాయి. వీటిలో చాలావాటి ధర తక్కువ, లైబ్రరీకి అంటే కొంత తగ్గించమని మొహమాటపడకుండా అడగండి.

ఈ వయసు పిల్లలకి మీరే ఒక పుస్తకం తయారుచేయొచ్చు, అదీ రేపే. ఏడు చేపల కథ తీసుకోండి. డ్రాయింగ్ షీట్లు మడిచి కుట్టి, పేజీకి ఒక ప్రశ్న, ఒక జవాబు పెద్ద అక్షరాలతో రాయండి. ‘చేపా చేపా ఎందుకు ఎండలేదు? గడ్డిమోపు అడ్డొచ్చింది.’ ‘గడ్డిమోపా గడ్డిమోపా ఎందుకు అడ్డొచ్చావు? ఆవు మేయలేదు.’ బొమ్మలు పిల్లలనే వేయనివ్వండి. నేను మొదటిసారి ఇలా చేసినప్పుడు రెండో తరగతి అబ్బాయి ఒకడు వేలు పెట్టి చదువుతున్నాడు. వేలు ఇంకా ‘గడ్డి’ మీదే ఉంది, నోరు ‘ఎందుకు అడ్డొచ్చావు’ దాకా వెళ్లిపోయింది. అక్కడ ఆగి, మళ్లీ వెనక్కి వచ్చి, నోరు అన్న మాట ఏ అక్షరాల్లో ఉందో వెతుక్కున్నాడు. ‘అడ్డొ’ దగ్గర వేలు పెట్టి నావైపు చూశాడు. నాలుగు నెలలుగా గుణింతాలు రుద్దినా రానిది ఆ ఒక్క నిమిషంలో వచ్చింది. చెవికి ముందే తెలిసిన కథని కన్ను ఊహిస్తూ పట్టుకుంటుంది. అది బట్టీ అని కొందరు టీచర్లు కొట్టిపారేస్తారు. నేనొప్పుకోను, చదవడం మొదలయ్యేది అలాగే. కాకి, పిచ్చుక కథ కూడా ఇలాగే పనికొస్తుంది. మాటలు మళ్లీమళ్లీ వచ్చే కథ ఏదైనా సరే.

ఇంకో మెట్టు పైనున్నవాళ్లు, అంటే ఒత్తులు కూడా కొంత దాటి రెండు మూడు పేజీలు చదవగలిగేవాళ్లు. వీళ్లకి కొత్తపల్లి పత్రిక కథలు ఇవ్వండి. మా జిల్లాలో 2008లో మొదలైన పిల్లల మాసపత్రిక అది. పాత సంచికలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి, అవి కూడా స్వేచ్ఛగా వాడుకోవడానికే ఇచ్చారు. బడి పిల్లలు చెప్పిన కథలు, రాసిన కథలు, వేసిన బొమ్మలు అందులో చాలా ఉంటాయి. మీ పిల్లలు అవి చూసి ‘ఇట్ల మేం గూడ రాయొచ్చా?’ అని అడుగుతారు. రాయమనండి, రాసింది కుట్టి అదే ర్యాకులో పెట్టండి. మా దగ్గర పిల్లలు ఎక్కువసార్లు ఇంటికి తీసుకెళ్లింది తోటి పిల్లలు రాసిన పుస్తకాలే.

ఇక్కడ చందమామ గురించి చెప్పాలి, ఎందుకంటే మీరు ఎవరినడిగినా ముందు ఆ పేరే చెప్తారు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన పత్రిక. కొడవటిగంటి కుటుంబరావు చేతుల్లో మూడు దశాబ్దాల దాకా నడిచింది. అంత తేటగా కథ చెప్పడం ఇప్పటికీ అరుదు. ఆ బొమ్మలు చిత్రా, శంకర్ వేసినవి, ఒక్కొక్కటీ పిల్లలకి చూపించి గంటసేపు మాట్లాడొచ్చు. దాతలిచ్చిన మీ మూడు వందల్లో పాత చందమామలు ఉంటే బంగారం దొరికినట్టే. కానీ చిన్న అక్షరాలు, రెండు వరసల్లో దట్టంగా ఉండే ఆ పేజీ మీ నాలుగో తరగతి కన్ను మోయలేదు. మనం ఆ వయసులో చదివాం కదా అనిపిస్తుంది. మనకి అప్పుడు ఫోను లేదు, రోజూ అదే పత్రిక తిరగేసి తిరగేసి చదివాం, చాలామందికి ఇంట్లో ఒకరు చదివి వినిపించారు కూడా. అందుకని చందమామని చెవి సంచిలో వేయండి. బేతాళ కథ చదివి, బేతాళుడు ప్రశ్న అడిగే చోట పుస్తకం మూసేయండి. విక్రమార్కుడు ఏం చెప్పాడో చదవొద్దు. పిల్లల్ని చెప్పమనండి. గదిలో కనీసం రెండు పార్టీలవుతాయి. రేపు జవాబు చదువుతానని ఆపేస్తే రేపు ఒక్కరూ మానరు.

బుడుగు కూడా చెవి పుస్తకమే. ముళ్ళపూడి వెంకటరమణ రాసి బాపు బొమ్మలు వేసిన ఆ పుస్తకాన్ని చాలా లైబ్రరీల్లో చిన్నపిల్లల ర్యాకులో పెడతారు, బుడుగు చిన్నపిల్లాడు కాబట్టి. బుడుగు మాట్లాడినట్టే మాటలు రాశారు, కొన్ని కావాలని విరిచి, కొన్ని కలిపి. ఒత్తులు ఇంకా సరిగ్గా రాని పిల్ల ఆ మాట తప్పో ఒప్పో తేల్చుకోలేక ఆగిపోతుంది. అదే మీరు పైకి చదివితే ఒకటో తరగతి వాళ్లు కూడా పొట్ట పట్టుకుని నవ్వుతారు. పదేళ్లు దాటాక తమంతట తాము మళ్లీ దాని దగ్గరికి వస్తారు.

ఒకప్పుడు మాస్కో నుంచి రాదుగ, ప్రగతి ప్రచురణాలయాలు పంపిన తెలుగు పుస్తకాలు గుర్తున్నాయా? ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటివాళ్లు అక్కడే ఉండి అనువాదాలు చేశారు. వాటిలో కొన్ని పిల్లల పుస్తకాలు మంచి పుస్తకం వాళ్లు మళ్లీ వేశారు. మంచు, ఎలుగుబంటి, రష్యావాళ్లు టీ కాచుకునే సమోవార్ ఇవన్నీ మన పిల్లలకి తెలియవు కదా అని సందేహించకండి. ఎండాకాలం నలభై డిగ్రీల్లో కూర్చుని మంచు కథ వినే పిల్లల ముఖాలు నేను చూశాను.

పదేళ్లు దాటి, బాగా చదివేవాళ్లు మీ దగ్గర ఐదారుగురే ఉంటారు. వాళ్లకి సన్న పుస్తకాలు ఇచ్చి కూర్చోబెడితే మానేస్తారు. జపాన్ చిన్నపిల్ల తోత్తోచాన్ కథ తెలుగులో ‘రైలుబడి’ పేరుతో ఉంది. ఒక బడి నుంచి పంపేసిన పిల్ల రైలుపెట్టెల్లో నడిచే ఇంకో బడికి వెళ్తుంది. ఆ పుస్తకం రెండు కాపీలు కొనండి, ఒకటి పిల్లలకి, ఒకటి మీ ఊరి టీచర్లకి. నండూరి రామమోహనరావు తెలుగు చేసిన టామ్ సాయర్, కాంచన ద్వీపం ఇప్పటికీ పరిగెత్తిస్తాయి. సోమరాజు సుశీల ‘ఇల్లేరమ్మ కతలు’ పదకొండేళ్ల ఆడపిల్ల చేతిలో పెట్టి చూడండి. ఖదీర్ బాబు ‘దర్గామిట్ట కథలు’ నెల్లూరు జిల్లాలో ఒక ముస్లిం ఇంటి పిల్లాడి కథలు. మీ ఊళ్లో ముస్లిం పిల్లలుంటే, తమ ఇంటి వంటా పండగా అమ్మానాన్నల మాటా తెలుగు పుస్తకంలో చూసుకోవడం వాళ్లకి ఎంత అవసరమో చెప్పలేను. మా దగ్గర ఒక అమ్మాయి ఆ పుస్తకం మూసి, ‘మా ఇంట్లో మాట్లాడినట్టే ఉంది’ అంది, మళ్లీ తీసుకెళ్లింది, నెల దాకా తిరిగివ్వలేదు. నేనూ అడగలేదు.

కథలంటే అసలు పడని పిల్లలుంటారు. వాళ్ల మీద కథలు రుద్దొద్దు. మాకు ఒక ఆరో తరగతి అబ్బాయి పాముల గురించి తప్ప ఏదీ ముట్టుకునేవాడు కాదు. ఏ పాముకి విషముంది, ఎంత పొడవు, ఏం తింటుంది. రెండేళ్లు అదే. వాడు చదివినంత కష్టమైన మాటలు కథలు చదివే పిల్లలెవరూ చదవలేదు, ఎందుకంటే వాడికి ఆ సంగతి కావాలి. ఇలాంటి పిల్లలకి మహీధర నళినీమోహన్ పుస్తకాలు వెతకండి. క్యాలెండర్ ఎలా పుట్టిందో, నిప్పు మనిషికి ఎలా చిక్కిందో పక్కన కూర్చుని కబుర్లు చెప్పినట్టు రాశారాయన. జనవిజ్ఞాన వేదిక వాళ్ల పిల్లల సైన్సు పత్రిక చెకుముకికి చందా కట్టండి. నెలనెలా కొత్తది వస్తే పిల్లలు ఎదురుచూడటం నేర్చుకుంటారు.

కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి పిల్లల పుస్తకాలకి విడిగా బాల సాహిత్య పురస్కారం ఇస్తోంది. తెలుగులో మొదటిది కలువకొలను సదానంద ‘అడవితల్లి’కి వచ్చింది, 2018లో నారంశెట్టి ఉమామహేశ్వరరావు ‘ఆనందలోకం’కి, 2023లో డి.కె. చదువులబాబు ‘వజ్రాల వాన’కి. వెతుక్కోవడానికి ఆ వరస ఒక మంచి దారి. అయితే బహుమతులిచ్చేది పెద్దవాళ్లు కదా. ఒక్క కాపీ తెచ్చి ముగ్గురు పిల్లల చేతుల్లో పెట్టి చూశాకే రెండో కాపీ సంగతి ఆలోచించండి.

కొనకూడనివి కూడా చెప్పాలి. సెట్టుగా, అట్టపెట్టెలో, మెరిసే కాగితం మీద, పది పుస్తకాలు ఒకే ధరకి అంటూ అమ్మేవి ఉంటాయి. బొమ్మలు ఎక్కడివో తెచ్చి అతికిస్తారు, అచ్చుతప్పులు కోకొల్లలు. చదవడం నేర్చుకుంటున్న పిల్లకి అచ్చుతప్పు పెద్ద దెబ్బ, తప్పు పుస్తకంలో ఉన్నా తనదే అనుకుంటుంది. ప్రతి కథ చివరా ‘నీతి’ అని గీత గీసి రాసే పుస్తకాలు కూడా నేను కొనను. పిల్లలు ఆ రెండు లైన్లు చదివి కథ వదిలేస్తారు, బడిలో పరీక్షకి అలవాటైన బుద్ధి అది.

మీ గదిలో ఇప్పుడున్న మూడు వందల సంగతి చూడండి. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన గ్రంథాలయ సూత్రాల్లో ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు అని రెండున్నాయి. రెండోది చదివి దాతలిచ్చినవన్నీ పిల్లల ర్యాకులోనే ఉంచాలనుకోకండి. డిగ్రీ గైడ్లు, పాత పోటీపరీక్షల పుస్తకాలు, ఆధ్యాత్మిక గ్రంథాలు వాటి పాఠకులు వేరే ఉన్నారు, వాళ్లకి పంపేయండి. నా అనుభవంలో మూడు వందల్లో అరవై మిగిలితే గొప్ప. ర్యాకు ఖాళీగా కనపడుతుందని భయం వద్దు. గోడకి తాడు కట్టి, బట్టల క్లిప్పులతో పుస్తకాలు అట్ట కనపడేలా వేలాడదీయండి. పిల్లలు వెన్ను చూసి పుస్తకం తీయరు, అట్ట చూసి తీస్తారు. వారానికోసారి మార్చండి.

డబ్బు ఎలా పంచాలంటే, సుమారు సగం కంటి పుస్తకాలకి, అదీ ఒక్కోటి రెండు కాపీలు. స్నేహితులిద్దరికీ ఒకే పుస్తకం కావాలి, ఎప్పుడూ అంతే. నాలుగైదు వేలు చెవి పుస్తకాలకీ, పెద్దపిల్లల పుస్తకాలకీ. కొంచెం చెకుముకి చందాకీ, పాములూ నక్షత్రాల పుస్తకాలకీ. 2,000 మాత్రం ముట్టుకోవద్దు. రెండు నెలలయ్యాక పిల్లలు ఏం అడుగుతున్నారో చూసి దానికి వాడండి. డిసెంబర్ దాకా ఆగగలిగితే హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకి ఇద్దరు పిల్లల్ని వెంట తీసుకెళ్లి వాళ్లతోనే ఎంపిక చేయించండి. ఇంటి పన్నులో గ్రంథాలయ సెస్సు రూపాయికి 8 పైసలు మీ ఊరు కూడా కడుతోంది, జిల్లా గ్రంథాలయ సంస్థకి వెళ్లి మీ గదికి ఏమైనా పుస్తకాలు ఇవ్వగలరేమో ఒక అర్జీ పెట్టండి.

ఇప్పుడు అసలు చిక్కు. చెవి పుస్తకం ఎవరు చదువుతారు? ఇళ్లలో చాలామంది అమ్మలకి తీరిక లేదు, కొందరికి చదువు రాదు. కాబట్టి గదిలోనే జరగాలి. రోజూ ఒకే వేళకి, సాయంత్రం 5 గంటలనుకోండి, పదిహేను నిమిషాలు మీరు పైకి చదవండి. వచ్చినవాళ్లు వింటారు, రానివాళ్లని పిలవొద్దు. పెద్ద పుస్తకమైతే రోజుకో అధ్యాయం, మంచి ముడి దగ్గర ఆపండి. చదివేటప్పుడు మీ ఊరి మాట కలిపేయండి. పుస్తకంలో ‘వెళ్ళాడు’ అనుంటే ‘పోయిండు’ అనండి. మా పిల్లలకి నేను ‘పోయినాడు’ అనేదాన్ని. అచ్చులో ఉన్న మాట వాళ్లే తర్వాత చూసుకుంటారు, చెవికి మాత్రం సొంత మాట కావాలి.

ఏడో తరగతి పిల్లలకి చిన్నవాళ్లని అప్పగించండి. దీనిలో ఇంకో లాభముంది, అది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. ఐదో తరగతి అమ్మాయి ఒకత్తె, గుణింతాలు కూడా సరిగ్గా రావు. నేను సాయం చేస్తున్నాననుకుని నలుగురి ముందూ ఒకటో తరగతి బొమ్మల పుస్తకం చేతిలో పెట్టాను. ఆ పిల్ల పుస్తకం బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది, నెలరోజులు రాలేదు. ఆ నెల నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఇంటికి వెళ్లి వాళ్లమ్మతో, ‘మీ చిన్నోడికి కథలు చదివి వినిపించేవాళ్లు కావాలి, పాపని పంపండి’ అన్నాను. మూడేళ్ల తమ్ముడికోసం అని వారానికి నాలుగు సన్న పుస్తకాలు తీసుకెళ్లేది. వాడికి ఒకే పుస్తకం పదిసార్లు కావాలి కదా, పదిసార్లూ చదివింది. దసరా సెలవులు అయ్యేసరికి కొత్తపల్లి కథలు తనే తీసుకుంది, ఈసారి తమ్ముడి పేరు చెప్పలేదు. మీ దగ్గర కూడా పెద్ద తరగతుల్లో ఉండి చదవడం రాని పిల్లలుంటారు. వాళ్ల చేతికి సన్న పుస్తకం ఇలాంటి గౌరవంతో చేరాలి.

పిల్లకి పుస్తకం చూపించేటప్పుడు ‘ఏం కావాలి?’ అని అడిగితే ‘ఏదైనా’ అంటారు. ‘నిన్న ఫోన్లో ఏం చూశావు? ఏది బావుంది?’ అని అడగండి. దెయ్యాలంటారు, క్రికెట్ అంటారు, కుక్కపిల్ల అంటారు. దాన్ని బట్టి మూడు పుస్తకాలు తీసి, ఒక్కోదాని మొదటి నాలుగు లైన్లు చదివి, బల్ల మీద పెట్టి పక్కకి వెళ్లిపోండి. మీద నిలబడొద్దు. తిరిగి తెచ్చినప్పుడు ‘ఏం నేర్చుకున్నావు?’ అనొద్దు. ‘ఎక్కడ ఆపావు?’ అంటే చాలు. సగంలో ఆపినా పర్లేదు, ఆ పుస్తకం ఆ పిల్లది కాదంతే. చిరిగితే బ్రౌన్ టేపు వేసి మళ్లీ పెట్టండి, జరిమానా మాట ఎత్తకండి. అద్దాల బీరువాలో తాళం వేసిన కొత్త పుస్తకాలు నేను చాలా చోట్ల చూశాను, పదేళ్ల తర్వాత కూడా కొత్తగానే ఉన్నాయి.

తల్లిదండ్రులు ‘ఈ కథలెందుకు, ఇంగ్లిషు పుస్తకాలు పెట్టండి’ అంటారు. వాళ్ల భయం నిజమైనదే, తీసిపారేయకండి. తూలికాలో తెలుగూ ఇంగ్లిషూ ఒకే పేజీలో ఉన్నవి నాలుగు పెట్టండి. తెలుగులో కథ పట్టుకున్న పిల్ల ఇంగ్లిషు పేజీలో కూడా ఆ కథనే వెతుక్కుంటుందని వాళ్ల ముందే చదివించి చూపండి. మాటల కన్నా అది తొందరగా ఎక్కుతుంది.

మీ ఉత్తరం చివర్లో క్యారమ్ వదలని ఒక అబ్బాయి గురించి రాశారు, బోర్డు తీసేయాలా అని. తీయొద్దమ్మా. బోర్డు ఉంది కాబట్టే వాడు గదిలో ఉన్నాడు. 5 గంటల చదువు ఆ బోర్డు పక్కనే పెట్టుకోండి, వాడి ఆట వాణ్ణి ఆడనివ్వండి. వాడివైపు చూడొద్దు. ఏదో ఒకరోజు, మూడో వారమో నాలుగో వారమో, స్ట్రైకర్ చప్పుడు ఆగుతుంది. అప్పుడు కూడా తల ఎత్తకండి. ముడి పడిన చోట కథ ఆపి, పుస్తకాన్ని ఆ పేజీ దగ్గరే తెరిచి బోర్డు అంచున బోర్లించి, నీళ్లు తాగి వస్తానని చెప్పి బయటికి వెళ్లండి.